నోరు తెరిపించి చూశారా?

నోరు పొక్కిందంటే పల్లెల్లో పంటి డాక్టరు దగ్గరికి ఎవరూ పోరు. ముస్తాబాద్ వైపైనా, మరో వైపైనా అంతే. ముందు ఆర్‌ఎంపీ, తర్వాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. చేతికి దొరికేవి బి కాంప్లెక్స్ గోళీలు. చాలాసార్లు తగ్గుతుంది కూడా. తగ్గక ఏం చేస్తుంది? మామూలు నోటిపూత మందు వేసినా, వేయకున్నా వారం పది రోజుల్లో మానేదే! చిక్కంతా మానని పుండుతోనే.

సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతం బీడీల తయారీకి పేరుపడ్డది. బీడీ, అంబర్, ఖైనీ, గుట్కా అలవాటున్నవారి నోట్లో తెల్లమచ్చ కనిపిస్తే తేలిగ్గా వదలకూడదు. గాజుగుడ్డతో సున్నితంగా తుడిచి చూడాలి. మీగడలా ఊడివస్తే అది ఎక్కువగా ఫంగస్. పసిపిల్లలకు, షుగర్ ఉన్నవారికి, ఆస్తమాకు ఇన్‌హేలర్ పీల్చి నోరు పుక్కిలించనివారికి వస్తుంటుంది. తుడిచినా పోని మచ్చ ల్యూకోప్లేకియా కావచ్చు. నొప్పి ఉండదు కాబట్టి మనిషి పట్టించుకోడు. వాటిలో కొన్ని క్యాన్సర్‌గా మారతాయి. ఎర్రమచ్చనైతే ఇంకా ఎక్కువ అనుమానించాలి.

వక్క, గుట్కా నమిలేవారిది మరో తంటా. కారం తగిలితే మంట, బుగ్గలు గట్టిపడటం, నోరు తెరుచుకోకపోవడం. తన మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టకపోతే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్‌గా అనుమానించాల్సిందే. ఆ అలవాటు మానకుండా ఏ గోళీ మింగినా దండగ.

నాలుక మీద పటంలా మచ్చలు ఏర్పడి, చోటు మారుతుంటే భయం లేదు. పుట్టుకతో వచ్చిన గీతలూ అంతే. నున్నగా, పాలిపోయి ఉంటే రక్తహీనత పరీక్ష చేయించాలి. ఎర్రగా మండుతుంటే విటమిన్ల లోపం కావచ్చు. బి కాంప్లెక్స్‌కు నిజంగా పని ఉన్నది ఇక్కడే. దక్కన్‌లో జొన్నలే ప్రధాన తిండిగా బతికిన పేదల్లో కనిపించిన పెల్లాగ్రాపై డాక్టర్ సి. గోపాలన్ బృందం 1960లలో హైదరాబాద్‌లో పరిశోధనలు చేసింది. మండే నాలుక ఆ జబ్బు గుర్తుల్లో ఒకటి.

చూసేటప్పుడు నాలుక పైభాగంతో సరిపెట్టుకోకూడదు. పక్కలు, అడుగు, బుగ్గల లోపల టార్చిలైటు వేసి చూడాలి. పదునైన పన్ను గీసుకుంటుంటే దాన్ని సరిచేయించాలి. రెండు వారాలు దాటినా పుండు మానకపోతే ముక్క పరీక్షకు పంపాలి. ముక్క తీస్తే రోగం పాకుతుందని కొందరు భయపడతారు. పాకదు. అనుమానించిందే నిజమైతే హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ కింద చికిత్స దొరుకుతుంది.