వాకిలి పరీక్ష

ఒక్క బాలుడే నలభైసార్లు "ఉన్నానండీ" అంటే తరగతి నిండినట్లా? జాలస్థలాల సామర్థ్య పరీక్షలో ఒకే పేరుతో వేయిమార్లు లాగిన్ చేయించడం అటువంటిదే. ఆ ఒక్కని వివరాలు క్యాషులోనే దొరుకుతాయి గనుక డేటాబేసుకు అసలు భారం తెలియదు.

జేమీటరు వంటి సాధనం పేర్లను, సంకేతపదాలను పట్టికనుండి వరుసగా తీసుకొంటుంది. ఒక్కొక్కరికి వేరు కుకీ నిలుపుతుంది. సర్వరు పంపిన కొత్త టోకెనును గ్రహించి తిరిగి సమర్పించగలదు. ఆ శ్రమకు వెనుదీయరాదు.

2013 అక్టోబరు 1న అమెరికా ఆరోగ్యబీమా జాలస్థలం హెల్త్‌కేర్.గవ్ తెరచినప్పుడు జనం లాగిన్ వద్దనే నిలిచిపోయారు. తొలినాడు నమోదు పూర్తయినది ఆరుగురికే! వాకిలి తెరుచుకోనప్పుడు లోపల ఎన్ని పథకాలుండి రోగికేమి ఫలం?

యంత్రంచేతనే లాగిన్ చేయించండి. కాని వేయిమంది వేయిమందిగానే రావాలి. మీరేమంటారు?