ఐదున్నరకు అబ్బా వస్తారు

సెలవులకు మా ఇంటికి వచ్చిన మా చెల్లెలి కుమారుడు గత నెలలో ఒక శుక్రవారం సాయంత్రం గేమ్ కన్సోల్‌ను చేతులలో పెట్టుకొని మా గదిలోకి వచ్చి నిలబడ్డాడు. "మామూ, మీ ల్యాప్‌టాప్ కాసేపు ఇస్తారా? ఐదున్నరకు అబ్బా వస్తారు" అన్నాడు. అబ్బా ఉన్నది దమ్మామ్‌లో. అక్కడ జుమా ముగించుకొని, భోజనం చేసి మూడు గంటలకు ఆయన తెర ముందు కూర్చుంటే ఇక్కడ మనకు ఐదున్నర అవుతుంది. వారానికి ఆ ఒక్క గంట తండ్రీకొడుకులు కలిసి ఫుట్‌బాల్ ఆట ఆడుకుంటారట. ఈ సంగతి మాకు అప్పటివరకు తెలియదు. ఆ పెట్టెను చూసినప్పుడల్లా కాలహరణమని విసుక్కున్నవారిలో మేమూ ఉన్నాము.

చిక్కు ఇది. మా ఇంటికి ఇంటర్‌నెట్ పై అంతస్తులోని మా అన్నగారి రూటర్ నుంచి వైఫైగా దిగివస్తుంది. ఆ రూటర్ 5 గిగాహెర్ట్జ్ సంకేతాన్ని మాత్రమే ఇచ్చేలా అమర్చి ఉంది. మేనల్లునిది 2013లో వచ్చిన మొదటి తరహా ప్లేస్టేషన్ 4. దానికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తప్ప మరొకటి కనబడదు. రూటర్‌లో అమరిక మార్చుదామంటే అన్నగారి కుటుంబం పెళ్లికి నిజామాబాద్ వెళ్లింది. పై వాటాకు తాళం. ల్యాప్‌టాప్‌కు మాత్రం ఆ వైఫై అందుతోంది. కనుక ల్యాప్‌టాప్ అందుకొన్న ఇంటర్‌నెట్‌ను లాన్ కేబుల్ ద్వారా కన్సోల్‌కు పంపాలన్నది వాడి ఆలోచన.

కేబుల్ తగిలించాము. కన్సోల్ చాలాసేపు వెదకి, గడువులోగా ఐపీ చిరునామా లభించలేదని చెప్పింది. "పాడైన కేబుల్ తెచ్చావు" అని వాడిని గద్దించాము. తెలిసిన దుకాణదారునికి ఫోను చేయగా, రెండు యంత్రాలను నేరుగా కలపాలంటే క్రాసోవర్ కేబుల్ ఉండాలన్నాడు. పాత యంత్రాల విషయంలో అది నిజమే. రెండింటిలోనూ పంపే తీగలు ఒకే స్థానంలో ఉంటే ఒకదాని మాట మరొకదానికి చేరదు. క్రాసోవర్‌లో వాటిని తారుమారు చేస్తారు. ఇప్పటి గిగాబిట్ పోర్టులు ఆ సర్దుబాటును తమంతట తామే చేసుకుంటాయి. పైగా పోర్టు పక్కన చిన్న దీపం వెలుగుతూనే ఉంది. అది వెలిగిందంటే కేబుల్ రెండు కొసలూ కలిసినట్లేనని మాకు చెప్పినవాడు ఆ పద్నాలుగేళ్ల మేనల్లుడే. తొందరపడి గద్దించినందుకు సిగ్గుపడ్డాము.

తరువాత వాడు ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'ఐపీకాన్ఫిగ్' అని టైపు చేశాడు. ఈథర్‌నెట్ అన్నచోట 169.254తో మొదలయ్యే చిరునామా కనిపించింది. నెట్‌వర్క్‌లోకి కొత్తగా వచ్చిన యంత్రం తనకు చిరునామా ఇచ్చేవారెవరైనా ఉన్నారా అని అడుగుతుంది. ఎవరూ బదులివ్వకపోతే తనకు తానే ఆ వరుసలో ఒక సంఖ్య పెట్టుకుంటుంది. అంటే కేబుల్‌కు ఇటు ల్యాప్‌టాప్, అటు కన్సోల్, రెండూ అడిగేవే. ఇచ్చేది లేదు.

ఇచ్చే పనిని ల్యాప్‌టాప్‌కు అప్పగించడానికే విండోస్‌లో ఇంటర్‌నెట్ కనెక్షన్ షేరింగ్ అనే ఏర్పాటు ఉంది. దానిని ముందే ఆన్ చేశామని మేము గట్టిగా వాదించాము. చేసిన మాట నిజమే, కాని ఈథర్‌నెట్ మీద చేశాము. కన్సోల్ ఉన్నది అటువైపు కదా అనుకున్నాము. ఇంటర్‌నెట్ ఏ దారిన వస్తున్నదో ఆ వైఫై ప్రాపర్టీస్‌లో షేరింగ్ టిక్కు పెట్టి, ఎవరికి పంచాలన్నచోట ఈథర్‌నెట్‌ను ఎంచుకోవాలి. అలా మార్చగానే ల్యాప్‌టాప్‌లో ఈథర్‌నెట్ చిరునామా 192.168.137.1 అయింది. కన్సోల్‌కూ అదే వరుసలో ఒక సంఖ్య దొరికింది. దొరకని పక్షంలో కన్సోల్‌లో మనమే 192.168.137.2 అని, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 అని, గేట్‌వేకూ డీఎన్‌ఎస్‌కూ 192.168.137.1 అని నింపవచ్చును. అప్పటికి ఐదూ ఇరవై.

పరీక్ష ఫలితంలో నాట్ టైపు 3 అని ఉంది. రూటర్ ఒక ద్వారం, దాని వెనుక మా ల్యాప్‌టాప్ మరొక ద్వారం. బయటినుంచి వచ్చే పలకరింపు రెండింటినీ దాటి కన్సోల్‌ను చేరడం కష్టం. ఆట కలిసింది, అబ్బా గొంతు మాత్రం రాలేదు. వాడి ముఖం చిన్నబోయింది. చెల్లెలు తన ఫోనులో దమ్మామ్‌కు కాల్ చేసి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది. మూత పడితే ల్యాప్‌టాప్ నిద్రలోకి జారుకొని ఇంటర్‌నెట్ తెగిపోతుంది గనుక, ఇంట్లోని పసివాళ్లెవరూ దానిని ముట్టకుండా మేము ఆ గంటసేపూ కాపలా కూర్చున్నాము.

మరుసటి శుక్రవారానికీ అన్నగారు తిరిగి రాలేదు. ఈలోగా ల్యాప్‌టాప్‌ను ఆపి మళ్లీ తెరిచి ఉన్నాము. షేరింగ్ టిక్కు ఉన్నట్లే కనిపించినా పని చేయలేదు. విండోస్‌లో ఇలా జరుగుతూ ఉంటుంది. టిక్కు తీసివేసి తిరిగి పెట్టవలసి వచ్చింది. ఈసారి నాలుగున్నరకే మొదలుపెట్టాము.