పావురములయెడ నిజమైన దయ

శిబిచక్రవర్తి కథ యెఱుగని విద్యార్థి మనలో నుండడు. డేగకు చిక్కనున్న పావురమును కాపాడుటకై ఆ రాజు తన మాంసమునే కోసి త్రాసులో నుంచెను. ఇందు మనము తఱచుగా మఱచు విషయ మొకటి కలదు. ఆ దయకు వెల చెల్లించినవాడు శిబియే గాని యితరులు కారు.

నేడు పట్టణములలో పావురములకు గింజలు చల్లువారును దయగలవారే. హైదరాబాదులోని మక్కా మసీదు ముంగిట గుంపులుగా వ్రాలు పావురములను చూచి యానందింపని బాలుడుండునా? అయినను ఆ గింజల వెల చెల్లించువా రెవరు? రెట్ట నూడ్చు పనివారు. ఎండిన రెట్టధూళిని, ఈకల నుసిని దినదినము పీల్చి ఊపిరితిత్తుల వ్యాధి పాలగువారు. చివరకు ఇఱుకు గూళ్లలో రోగములతో తీసికొను పక్షిపిల్లలు. వెల యొరులది, పుణ్యము మనది యనుకొనుట న్యాయము కాదు.

అట్లైన వానిని చంపవలెనా? కొందఱు విషము పెట్టుడనియు, కాల్పుడనియు చెప్పుదురు. ఇది క్రూరమే కాదు, నిష్ఫలము కూడ. స్విట్జర్లాండులోని బాసెల్ నగరమున 1961 మొదలు 1985 వఱకు సుమారు 1,00,000 పావురములను చంపిరి. అయినను ఊరిలో పావురముల సంఖ్య యించుమించు 20,000గానే నిలిచెను. పావురము జంట రెండేసి గ్రుడ్లు పెట్టి, సుమారు 18 దినములు పొదిగి, ఏడాదిలో పలుమాఱులు పిల్లలను లేపును. తిండి సమృద్ధిగా నున్నంతకాలము చచ్చినవాని చోటును క్రొత్తవి నింపుచునే యుండును.

1988లో ఆ నగరమువారు మార్గము మార్చుకొనిరి. అమితముగా తిండి వేయుట పక్షులకే కీడని కరపత్రములతోను, గోడపత్రికలతోను ప్రజలకు బోధించిరి. కొన్ని గూళ్లు తామే కట్టించి, అందలి గ్రుడ్లను తీసివేయుచు వచ్చిరి. నాలుగేండ్లలో పావురముల గుంపులు సుమారు సగమునకు తగ్గెను. జర్మనీలోని ఆగ్స్‌బర్గు నగరమున గూళ్లలో నిజమైన గ్రుడ్లకు బదులు కృత్రిమమైన గ్రుడ్ల నుంచుదురు.

పావురము మొదట కొండచఱియలలో కాపురముండు పక్షి. మన మేడల చూరులును, కిటికీ గట్లును దానికి చఱియలే. కావున గట్లు ఏటవాలుగా కట్టుట, రంధ్రములు మూయుట, సుమారు రెండంగుళముల కన్నులు గల వలను బిగువుగా కట్టుట మేలైన పనులు. అయితే ముందుగా గూళ్లు వెదకవలయును. నేనెఱిగిన యొక భవనమున చూడకయే వల బిగించిరి. లోపల చిక్కిన పిల్లల కూతలు రెండు దినములు వినవచ్చెను. మూడవనాడు వినరాలేదు. ఆ పనికి కూలి యిచ్చినవారు దుష్టులు కారు. పిల్లలు ఎగిరిపోవువఱకు కొన్ని వారములు ఆగుటకు వారికి తీఱిక లేకపోయెను.

మేతను ఒక్కసారిగా మాన్పినచో పక్షులు మాడవా యని కొందఱడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. అందుచేతనే క్రమక్రమముగా తగ్గింపవలెను. తిండి తగ్గినకొలది పావురములు దూరముపోయి మేసికొనును. పిల్లలను తక్కువగా పెట్టును.

విద్యార్థులారా! మధ్యాహ్నభోజనానంతరము మిగిలిన మెతుకులను వరండాలలో చల్లకుడు. గూటిలో పిల్లలు కనబడినచో ఉపాధ్యాయులకు తెలుపుడు. పెద్దలారా! రెట్ట నూడ్పించునపుడు ముందుగా నీరు చల్లించి, ఊడ్చువారికి ముక్కు కప్పుకొనుటకు తగిన ముసుగు నిప్పింపుడు. అతిథులకు మన సభాశాలను చూపుదినమున, దానిని శుభ్రపఱచినవారి ఆరోగ్యమును గూర్చియు ఒక్కమాట విచారింపుడు.