ప్రభుత్వ ధనమును గూర్చి రెండు పొరపాట్లు

గత సంవత్సరము సాంఘికశాస్త్రపు గంటలో తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు లేచి, "అయ్యా, నోట్లు అచ్చువేయు యంత్రము ప్రభుత్వమువద్దనే యున్నది గదా! కావలసినన్ని అచ్చువేసి బీదలకు పంచిపెట్టరాదా?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. నేనును నవ్వితిని. ఆ సాయంకాలమే యొక విద్యార్థి తండ్రిగారు నాతో మాటలాడుచు, "ప్రభుత్వమునకు మాత్రము డబ్బెక్కడిదండీ? మనము కట్టు పన్నులే గదా! ఇల్లెట్లో దేశమును అట్లే. అప్పుచేసి పప్పుకూడు తిన్నచో ఎవ్వరైనను చెడుదురు" అనిరి. నేను తలయూపితిని. రాత్రి కూర్చుండి ఆలోచింపగా, బాలుని ప్రశ్నకు నవ్వుటయు, పెద్దల మాటకు తలయూపుటయు రెండును తొందరపాటు పనులేయని తోచెను. ఇద్దరి మాటలలోను కొంత నిజమును, కొంత పొరపాటును గలవు. వానిని విడదీసి చూపుటకే ఈ వ్యాసము.

మొదట పెద్దల మాటను విచారింతము. గృహస్థుడు రూపాయిని సంపాదింపవలెనే గాని సృష్టింపజాలడు. కావున రాబడికి మించి వ్యయము చేసినచో అతడు చెడుననుట సత్యమే. కాని రూపాయిని పుట్టించు ప్రభుత్వమునకు ఈ నీతి యట్లే వర్తించునా?

పది రూపాయల నోటు నొకదానిని తీసి చూడుడు. పదునైదు భాషల వరుసలో మన తెలుగునను "పది రూపాయలు" అని యుండును. పది రూపాయలు చెల్లింతునని రిజర్వు బ్యాంకు గవర్నరుగారు వాగ్దానముచేసి సంతకము పెట్టియుందురు. ఆ నోటును గొనిపోయి వాగ్దానము చెల్లింపుడని యడిగినచో ఏమిత్తురు? బంగారము నీయరు, వెండియు నీయరు. మఱియొక నోటునో, నాణెములనో యిత్తురు. అట్లైన ఈ కాగితమునకు విలువ యెక్కడినుండి వచ్చినది?

ఒక వసతిగృహమును ఊహింపుడు. వార్డెనుగారు చీట్లపై ముద్రవేసి, తోటకు నీరుపోసిన బాలునికి పూటకొక చీటి యిత్తుననిరి. ఆ చీటితో తమకేమి పనియని ఎవ్వడును కడవ యెత్తలేదు. అంతట వార్డెనుగారు, "ప్రతి బాలుడును శనివారమునాడు నాకు ఐదు చీట్లు చెల్లింపవలెను, చెల్లింపనివానికి ఆదివారము ఆట లేదు" అని నియమము చేసిరి. మరునాటినుండి తోట పచ్చబడెను. కడవ యెత్తలేని బాలుడు తోటివాని బట్టలుతికి చీటి సంపాదించెను. చీటికి విలువ కలిగించినది ముద్ర కాదు, ఆ నియమము. పన్నును రూపాయలలోనే చెల్లింపవలెనను శాసనము రూపాయికి అట్టి పనియే చేయుచున్నది.

ఇంకొక విశేషము గమనింపుడు. బాలురనుండి చీట్లు వసూలుచేసిన పిదప గాని వార్డెనుగారు చీట్లు ఇయ్యలేరా? అట్లు కాదు. ఆయన ముందుగా ఇయ్యకున్నచో బాలురు చెల్లించుటకు చీట్లే లేవు. వారమున నూరు చీట్లిచ్చి ఎనుబది వసూలుచేసిరనుకొనుడు. ఆయన పద్దుపుస్తకమున ఇరువది లోటుగా కనబడును. ఆ యిరువది చీట్లును ఎక్కడ నున్నవి? బాలుర పెట్టెలలో నున్నవి. ఆయన లోటే వారి నిలువ.

ఈ తలంపు క్రొత్తది కాదు. ధనము రాజ్యశాసనముచే కలుగునదియని జర్మను పండితుడు క్నాప్ 1905లోనే గ్రంథము వ్రాసెను. ప్రభుత్వపు జమాఖర్చులు సరిపోయినవా యనునది కాక, వానివలన దేశములో పనియు ధరలును ఎట్లున్నవి యనునదే చూడవలెనని అబ్బా లెర్నరు 1943లో వాదించెను. మన కాలమున వారెన్ మోస్లర్, రాండల్ రే, స్టెఫనీ కెల్టన్ మొదలగు అమెరికా దేశీయులు దీనిని పెంచి, ఆధునిక ద్రవ్య సిద్ధాంతమను పేర ప్రచారము చేసిరి. కెల్టన్ గారి గ్రంథము 2020లో వెలువడిన పిదప ఈ చర్చ సామాన్యుల నోటికిని ఎక్కినది.

"పుట్టిన ప్రతి శిశువు నెత్తినను ప్రభుత్వపు అప్పు ఇంత గలదు" అని పత్రికలలో వ్రాయుదురు. ఆ ఋణపత్రములు ఎవరివద్ద నున్నవో వ్రాయరు. మన కేంద్రప్రభుత్వపు ఋణములో చాలభాగము రూపాయలలోనిదే. అది మన బ్యాంకులకును, బీమా సంస్థలకును, భవిష్యనిధులకును ఈయవలసినదే. శిశువు నెత్తిన అప్పున్నచో, దాని తండ్రి బీమాపత్రము వెనుక ఆ యప్పే ఆస్తిగా నున్నది. అట్లని ఋణము లెక్కింపదగనిది యనరాదు. పన్ను అందరును కట్టుదురు. వడ్డీ కొందరికే చేరును. ఎవరినుండి ఎవరికి పోవుచున్నదను విచారణ అవసరమే. కాని అది ఇల్లు వేలమునకు వచ్చునను భయము వంటిది కాదు.

ఇక బాలుని ప్రశ్న. లోటే నిలువయైనచో వార్డెనుగారు వేయి చీట్లు పంచరాదా? పంచవచ్చును. కాని బావిలో నీరు ఉన్నంతయే యుండును. చేతులును ఉన్నన్నియే యుండును. అప్పుడు ఒక చీటికి ఉతికిన బట్టలను పది చీట్లకు గాని ఉతుకరు. పన్ను యొక్క రెండవ ప్రయోజనము ఇచ్చటనే తెలియును. అది మితిమీరిన చీట్లను వెనుకకు తీసికొని ధరలను అదుపులో నుంచును.

ఇది కథ మాత్రమే కాదు. రెండవ ప్రపంచయుద్ధమున బ్రిటిషు వారి సైనికవ్యయమునకై మన దేశములో నోట్లు విరివిగా వెలువడెను. 1939 మొదలు 1945 వరకు చెలామణిలోని నోట్లు ఆరు రెట్లకు మించి పెరిగెను. ఆ వ్యయమునకు బదులు లండనులో పౌనులు మన లెక్కన జమయగుచుండెను గాని, ఆ పౌనులు అన్నము కావు గదా! 1943లో వంగదేశమున కరవు వచ్చి ఇరువది లక్షలకు పైగా జనులు నశించిరి. వరిపంట తగ్గుటయే దానికి ముఖ్యకారణము కాదనియు, యుద్ధపు పనులవలన చేతిలో డబ్బు ఆడినవారు హెచ్చు ధరకు బియ్యము కొనగా, కూలివారును, బెస్తవారును కొనజాలక మరణించిరనియు అమర్త్య సేన్ గారు 1981లో ప్రచురించిన గ్రంథమున వివరించిరి. నోటు పుట్టినంతమాత్రమున బియ్యము పుట్టదు. ఉన్న బియ్యము ఒకరి కంచములోనుండి వేరొకరి కంచములోనికి పోవును. బాలునికి నేను నవ్వుటకు మారుగా ఈ సంగతి చెప్పియుండవలసినది.

మఱియొక గట్టు కలదు. మనము రూపాయిని ముద్రింపగలము గాని డాలరును ముద్రింపజాలము. 1991లో విదేశీ ద్రవ్యము అడుగంటగా, దిగుమతులకు చెల్లింపులు ఆగకుండుటకై మన దేశము సుమారు 47 టన్నుల బంగారమును విదేశీ బ్యాంకులవద్ద కుదువబెట్టవలసి వచ్చెను. మన తెలుగువారు పీ.వీ. నరసింహారావుగారు ప్రధానిపదవి చేపట్టిన దినములవి. నాడు రూపాయలకు కొరత లేదు. రూపాయలు చెల్లని చోట కొరత వచ్చినది.

ఈ శక్తి ప్రభుత్వములన్నిటికిని లేదనియు మఱువరాదు. నైజాము కాలపు హైదరాబాదు సంస్థానము హాలీ సిక్కాను తానే ముద్రించుకొనెడిది. 1918 నుండి తన నోట్లనుగూడ వెలువరించెను. ఆ నాణెము 1959లో చెల్లుబాటు కోలుపోయెను. నేడు తెలంగాణ ప్రభుత్వము గాని, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గాని ఒక్క రూపాయినైనను సృష్టింపజాలదు. ఆ తండ్రిగారి మాట రాష్ట్రప్రభుత్వముల విషయమున చాలవరకు చెల్లును. కేంద్రప్రభుత్వమును సైతము చట్టము నిగ్రహించుచున్నది. 2003 నాటి చట్టము ననుసరించి, ప్రభుత్వ ఋణపత్రములను రిజర్వు బ్యాంకు ప్రభుత్వమునుండి నేరుగా కొనుట, అసాధారణ సందర్భములలో తప్ప, 2006 ఏప్రిల్ నుండి నిలిచిపోయినది. అది పార్లమెంటు తనకు తాను కట్టుకొన్న గట్టు. రూపాయల కరవు కాదు.

అట్లైన మనము అడుగవలసిన ప్రశ్న యేది? "డబ్బున్నదా?" అనుటకు ముందు, "చేతులున్నవా? ఇటుకలున్నవా? ధాన్యమున్నదా? ఇవి ఊరకయున్నవా, లేక వేరొక పనిలో నున్నవా?" అని యడుగవలెను. 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లెలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము ఆరంభమయ్యెను. ఏటికి నూరు దినముల కూలిపని కోరు గ్రామీణ కుటుంబమునకు దానిని కల్పించుట ఆ పథకపు హామీ. ఆ కరవుసీమలో ఎండకాలమున పనిలేని చేతులు కలవు, పూడిన చెరువులు కలవు. వాని రెంటిని కలుపుటకు లేనిది రూపాయి యొక్కటే. అట్టిచోట వ్యయమైన రూపాయి దుబారా కాదు. చేతులన్నియు పనిలోనే యున్నచోట అదే రూపాయి ధరలను పెంచును. లోటు మంచిదా చెడ్డదా యని మాత్రమే యడుగువారు ఈ భేదమును చూడరు. ఆధునిక సిద్ధాంతము మనకు నేర్పినది ఈ భేదమే. దానిని హద్దులేని వ్యయమునకు అనుమతిపత్రముగా భావించువారు సగమే చదివినవారని నా యభిప్రాయము.

విద్యార్థులారా! "బడి కట్టుటకు డబ్బు లేదు" అని ఎవ్వరైనను చెప్పినప్పుడు, తాపీపనివారు లేరా, సున్నము లేదా, ఉపాధ్యాయులు లేరా యని వినయముతో అడుగుడు. "అన్నియు ఉచితముగా నిత్తుము" అని ఎవ్వరైనను చెప్పినప్పుడును అదే ప్రశ్న అడుగుడు. తల్లిదండ్రులారా! ఇంటి పొదుపు ఇంటికి భూషణము, దానిని విడువకుడు. కాని పనికోరు చేతులు ఖాళీగా నుండగా పద్దుపుస్తకము సరిపోయినదని సంతోషించుట పొదుపు కాదు. నేడు పనిలేక గడచిన దినమును రేపు ఏ యంత్రమును అచ్చువేయజాలదు.