పత్యం ఎప్పుడు, ఎన్నాళ్లు?

గుండెకి బైపాస్ అయి మనిషి ఇంటికొచ్చాడంటే మనవాళ్లు చేసే మొదటి పని అతని నోరు కట్టేయడం. పొద్దున రెండిడ్లీలు, మధ్యాహ్నం మెత్తటి అన్నంలో పల్చటి చారు, రాత్రికి పాలూ బ్రెడ్డూ. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి, పెరుగు జలుబు. ఇలా రెండు మూడు నెలలు గడిచి, కుట్లు మాని, డాక్టరుగారు బాగుందన్నారో లేదో పత్యం అయిపోయిందంటారు. ఆవకాయా అప్పడాలూ గుట్టెడు తెల్లన్నమూ మళ్లీ కంచంలోకి వచ్చేస్తాయి. నన్నడిగితే ఈ వరసే తలకిందులు. కడుపునిండా తినాల్సిన రోజుల్లో మాడుస్తున్నాం, నిదానించాల్సిన ఏళ్లలో వదిలేస్తున్నాం.

మొదటి వారాల సంగతే చూడండి. రొమ్ము ఎముకని నిలువునా కోసి, మళ్లీ తీగెలతో బిగించి మూస్తారు. అది అతుక్కోవడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. బైపాస్ కోసం కాల్లోంచి సిర తీసుంటే అక్కడా గాయమే. ఇవి మానాలంటే ఒంటికి ప్రొటీన్ కావాలి, అది చారులో ఎక్కడుంది? చీము పట్టేది క్రిములతో, షుగరు అదుపులో లేకపోవడంతో, పప్పుతో కాదు. అసలే ఆ రోజుల్లో నోరు చేదు, ఏదీ సహించదు, నొప్పి మాత్రలతో మలబద్ధకం. అలాంటి మనిషి తినగలిగే నాలుగు ముద్దల్లో సత్తువ ఉండాలి కదా! కాస్త ముద్దపప్పు, పెసరట్టు, ఉడికించిన గుడ్డు, చేప, పెరుగు కొంచెం కొంచెంగా రోజుకి ఐదారుసార్లు పెట్టాలి. కిడ్నీ బాగాలేనివాళ్లకి మాత్రం ప్రొటీన్ ఎంతన్నది డాక్టరే చెప్పాలి.

ఇక తర్వాతి ఏళ్లు. బైపాస్ రక్తానికి పక్కదారి వేస్తుంది గానీ జబ్బుని తీసేయదు. కాలి సిరతో వేసిన దారుల్లో దాదాపు సగం పదేళ్లలో మూసుకుపోతాయి. మందులు వేసుకుంటున్నాం, రిపోర్టులో కొలెస్ట్రాల్ తగ్గింది, ఇంకా తిండి మీద ఈ నిఘా ఎందుకని అడుగుతారు. మందులు ఎవరూ ఆపకూడదు, నిజమే. కానీ ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఒకసారి గుండెపోటు వచ్చిన 605 మందితో ఒక పరిశీలన చేశారు. కూరలు, పళ్లు, చిక్కుళ్లు, చేపలు పెంచి, వెన్న బదులు మేలైన కొవ్వు వాడినవాళ్లలో మళ్లీ గుండెపోట్లు సగానికి పైగా తగ్గాయి. కొలెస్ట్రాల్ అంకెలు చూస్తే వీళ్లవీ, అలా తినని రెండో జట్టువీ ఇంచుమించు ఒకటే! అంటే తిండి చేసే మేలంతా రిపోర్టులో కనపడదన్నమాట. అది చిన్న పరిశీలనే కదా అంటారా, స్పెయిన్‌లో గుండెజబ్బున్న 1002 మందిని ఏడేళ్లు గమనించి 2022లో ఫలితం చెప్పారు. కొవ్వు తగ్గించిన తిండికన్నా ఆలివ్ నూనె, కూరలు, పప్పులు, చేపలు ఉన్న తిండే ఎక్కువ కాపాడింది.

కాబట్టి నూనె చుక్క లేకుండా వండుతున్నాం అన్నంత మాత్రాన సరిపోదు. అలాగని మనం ఆలివ్ నూనె కొనుక్కోనక్కర్లేదు. వేరుశెనగ నూనెనో నువ్వుల నూనెనో కొలిచి వాడితే చాలు, కాచిన నూనెనే మళ్లీ కాచకపోతే చాలు. మారాల్సింది కంచం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రోజుకి కూరగాయలూ పళ్లూ కలిపి అరకిలో ఉండాలంది. మన కంచంలో కూర అన్నం దిగడానికి నంజు. అన్నమే కూరకి తోడుగా తగ్గాలి.

అన్నిటికన్నా నాకు బెంగ ఉప్పు మీద. ఆంధ్రప్రదేశ్‌లో చేసిన ఒక సర్వేలో మనిషికి రోజుకి దాదాపు 9.5 గ్రాముల ఉప్పు లోపలికి పోతోందని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 5 గ్రాములలోపు, అంటే ఒక చిన్న చెంచా. నలుగురున్న ఇంట్లో ఊరగాయల్లోదీ వడియాల్లోదీ కలిపి నెలకి 600 గ్రాములు దాటకూడదు. రక్తపోటు పెరగడానికీ, గుండె నీరసంగా ఉన్నవాళ్లకి కాళ్లకి నీరు దిగడానికీ ఈ ఉప్పు పెద్ద కారణం. బదులుగా బజారులో దొరికే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది. కొన్ని గుండె మందులతో అది కలిస్తే ప్రమాదం, డాక్టర్ని అడక్కుండా తేవద్దు. అలాగే వాల్వ్ మార్పించుకుని, రక్తం పల్చబడే ఎసిట్రోమ్ లాంటి మాత్ర వాడుతున్నవాళ్లు ఆకుకూరలు పూర్తిగా మానక్కర్లేదు; వారం వారం ఒకే మోతాదులో తినాలి, ఒకనాడు గోంగూర కుమ్మేసి పది రోజులు మానేయకూడదు.

చప్పిడి తిండి ఎన్నాళ్లు తింటాడు పాపం, అంటారు. అదీ న్యాయమైన మాటే. ఇంట్లో అందరికీ ఘుమఘుమలాడే పులుసు వండి, అతనొక్కడికే విడిగా గిన్నెడు చప్పిడి కూర పెడితే ఎవరైనా నెల తిరక్కుండా ఎదురు తిరుగుతారు. ఉప్పు నెమ్మదిగా తగ్గిస్తూపోతే నాలుక కొన్ని వారాల్లో అలవాటు పడుతుంది. నిమ్మరసం, మిరియం, వెల్లుల్లి, కొత్తిమీర ఆ లోటు చాలావరకు పూడుస్తాయి. ఒక్కడి కోసం మేమంతా ఎందుకు మానుకోవాలంటే, గుండెజబ్బు కుటుంబాల్లో నడుస్తుంది. పక్కన కూర్చుని అప్పడం నములుతున్న ముప్పై ఏళ్ల కొడుక్కి ఆ కూర తండ్రికెంత అవసరమో అంతే అవసరం.