ట్వీటుకు దొరికిన పడక

2021 ఏప్రిల్, మే నెలల్లో ఎవరి ఫోను తెరిచినా అవే సందేశాలు. ఆక్సిజన్ పడిపోతోంది, వెంటిలేటర్ పడక కావాలి, రెమ్‌డెసివిర్ ఎక్కడ దొరుకుతుందో చెప్పండి, అటెండెంట్ నంబరు ఇది. చివర మంత్రి గారి ట్విట్టర్ ఖాతాకు ఒక ట్యాగ్. తెలంగాణలో నాటి మంత్రి కేటీఆర్ ఖాతా అప్పటికే దీనికి పేరుపడింది. అడిగితే పలుకుతారని, ఆఫీసు వాళ్లు కనుక్కుంటారని జనం నమ్మారు. చాలామందికి సాయం అందింది కూడా. అందినవాళ్లు దండాలు పెట్టారు, ఆ స్క్రీన్‌షాట్లు ఊరంతా తిరిగాయి.

నా పేచీ సాయంతో కాదు. పడక ఎక్కడ ఖాళీగా ఉందో మంత్రి గారి ఆఫీసు కనుక్కోగలిగినప్పుడు రోగి కొడుకు ఎందుకు కనుక్కోలేకపోయాడు? వెబ్‌సైట్లో ఖాళీ అని చూపించిన పడక, తీరా ఆసుపత్రి గేటు దగ్గరికి వెళ్తే ఉండేది కాదు. ట్విట్టర్ ఖాతా, ఇంగ్లిషులో నాలుగు ముక్కలు రాయగల మేనల్లుడు ఉన్న ఇంటికి ఒక దారి. నారాయణఖేడ్ తండాలో ఉన్నవాడికి 108 అంబులెన్సు ఒక్కటే దారి. దొరవారి గడీ ముందు అర్జీ పట్టుకుని నిలబడటానికీ దీనికీ తేడా ఏమిటంటే, ఇక్కడ గడీ ఫోన్లో ఉంది. అంతే.

ట్వీట్లు అంత చురుగ్గా సాగిన రాష్ట్రంలోనే బులెటిన్ సంగతి చూడండి. 2020 జూన్, జూలై నెలల్లో తెలంగాణ హైకోర్టు కరోనా బులెటిన్ మీద ప్రభుత్వాన్ని పదేపదే నిలదీసింది. పరీక్షలెన్ని, ఏ ఆసుపత్రిలో ఎన్ని పడకలున్నాయి, వివరాలేవీ అని అడిగింది. ఆ తర్వాతే ఆసుపత్రుల వారీ పడకల పట్టికలు బులెటిన్లో కనబడ్డాయి. ఒక్క మనిషికి ఇచ్చే జవాబుకు చప్పట్లు పడతాయి. అందరికీ ఇచ్చే లెక్కకు పడవు, పైగా అది ప్రశ్నలు తెస్తుంది. నాయకులకు ట్వీటు ముద్దు, బులెటిన్ చేదు కావడానికి ఇంతకు మించిన రహస్యమేమీ లేదు.

అంతకు ముందు ఫిబ్రవరిలో ఒక ముచ్చట జరిగింది. కోడి తింటే కరోనా వస్తుందని వాట్సాప్‌లో పుకారు లేచి అమ్మకాలు పడిపోతే, హైదరాబాద్‌లో మంత్రులు కేటీఆర్, ఈటల, తలసాని వేదికెక్కి జనం ముందే చికెన్ తిన్నారు. నవ్వుకున్నాం గానీ, పుకారుకు అంత సూటిగా జవాబు చెప్పిన సందర్భం ఆ తర్వాత నాకు గుర్తు లేదు. కోళ్ల ఫారాలకు దక్కిన ఆ శ్రద్ధలో సగం రోగులకు దక్కి ఉంటే బాగుండేది.

మార్చిలో పారాసెటమాల్ వచ్చింది. కరోనాకు ఆ మాత్ర చాలని నాటి తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ అసెంబ్లీలో అన్నారు. 15వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో స్థానిక ఎన్నికలు వాయిదా పడిన కోపంలో పెట్టిన ప్రెస్‌మీట్‌లో అక్కడి నాటి ముఖ్యమంత్రి జగన్ కూడా అన్నారు, బ్లీచింగ్ పౌడర్ కలిపి. ఇక మీమ్‌ల పండగ. జ్వరానికి ఆ మాత్ర వేసుకోమనడం తప్పేమీ కాదు, డాక్టర్లూ అదే ఇచ్చారు. కానీ ఆ మాట ముఖ్యమంత్రి నోట, అదీ ఎన్నికల గొడవ మధ్యలో వచ్చేసరికి మాత్రకూ పార్టీ రంగు పట్టింది. ఒక వర్గం ఎగతాళి చేసింది, ఇంకో వర్గం ఎదురుదాడికి దిగింది. అసలు ఏ లక్షణం కనబడితే ఆసుపత్రికి పరుగెత్తాలన్నది ఆ గోలలో ఎవరికీ వినబడలేదు. ప్రజారోగ్య శాఖ డైరెక్టరు చెప్పి ఉంటే ఇంత రగడ ఉండేదా?

అధికారులు గొంతు విప్పనప్పుడు ఏమవుతుందో మరుసటి ఏడు మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నం చూపించింది. ఆనందయ్య అనే నాటువైద్యుడి మందు చుక్కలు కంట్లో వేయగానే లేచి కూర్చున్నానని ఒకాయన చెప్పిన వీడియో రెండు రాష్ట్రాలనూ చుట్టేసింది. వేలమంది ఆ ఊరి దారి పట్టారు, అంబులెన్సుల్లో కూడా. ఆ వీడియోలో మాట్లాడిన మనిషి తర్వాత ఆసుపత్రిలో కన్నుమూశాడు. నెలాఖరుకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చుక్కల మందును పక్కన పెట్టి ఆయన మిగతా మందుల్లో కొన్నింటికి అనుమతి ఇస్తూ, ఇది వాడినా డాక్టరు రాసిన మందులు మానవద్దని చెప్పింది. ఆ ఒక్క వాక్యం వీడియో బయటికొచ్చిన రోజే ఒక డాక్టరు ముఖంతో, తెలుగులో, అదే వాట్సాప్‌లో తిరగాల్సింది.

జనం నోరు నొక్కే పని మాత్రం చకచకా జరిగింది. 2021 ఏప్రిల్‌లోనే కొన్ని ట్వీట్లు తీసేయమని కేంద్రం ట్విట్టర్‌కు చెప్పింది. ఆక్సిజన్ లేదని మొత్తుకునేవాళ్లపై చర్యలు తీసుకుంటే కోర్టు ధిక్కారంగా చూస్తామని సుప్రీంకోర్టు 30వ తేదీన చెప్పాల్సి వచ్చింది.

అప్పట్లో కేరళలో ముఖ్యమంత్రి సాయంత్రం పూట కూర్చుని ఆ రోజు కేసులు, జిల్లాల లెక్కలు చదివేవారు. విసుగు పుట్టించే కార్యక్రమమే. అయినా ఆ వేళకు జనం ఇంకెవరి ఫార్వర్డో నమ్ముకోకుండా టీవీ ముందు కూర్చున్నారు. ఆ రాష్ట్రమేమీ కరోనాను ఓడించలేదు, మరణాల లెక్క మీద వాళ్లకూ అక్షింతలు పడ్డాయి. అలవాటు మాత్రం మంచిది.

మళ్లీ డెంగ్యూ ముదిరినా, ఇంకో వైరస్ వచ్చినా మనం నాయకుల్ని ట్యాగ్ చేయక తప్పదు, చేద్దాం. దాంతోపాటు ఒకటి గట్టిగా అడుగుదాం: రోజూ ఒకే వేళకు, జిల్లాల వారీగా, పరీక్షలు, పడకలు, మరణాలు, ఇంకా తేలని సంగతులు కూడా డాక్టరు సంతకంతో తెలుగులో పెట్టమని. నాయకుల ఖాతాలు దాన్ని ముందుకు పంపితే చాలు. కొత్త చట్టం అక్కర్లేదు. హైకోర్టు గద్దించాక తెలంగాణ చేసిందీ ఇందులో కొంత. ఈసారి గద్దించకముందే చేయమందాం.