అబ్బాయి ‘నైస్’ అంటే ఏమిటి?

కనిగిరిలో కారం పట్టించడానికి మిల్లుకు వెళ్ళిన ఇల్లాలు, “కొంచెం నైస్‌గా పట్టండి” అంటుంది. అక్కడ ఆ ఆంగ్ల పదానికి అర్థం స్పష్టం: పలుకు లేకుండా, మెత్తగా. అదే ఇంట్లో ఆడపిల్లకు సంబంధం వచ్చినప్పుడు, “అబ్బాయి చాలా నైస్” అంటారు. ఇక్కడ దాని అర్థమేమిటో ఎవరూ చెప్పలేరు.

అరబీ పదాలకు ధాతువులు వెతకడం మా వృత్తి. ఆ అలవాటుతో ఈ పదం మూలాన్నీ పరిశీలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. లాటిన్‌లో ‘నెస్కియుస్’ అంటే తెలియనివాడు. ఫ్రెంచి మీదుగా సుమారు 1300 నాటికి అది ఆంగ్లంలో ‘నైస్’గా చేరినప్పుడు దాని అర్థం తెలివితక్కువవాడు. ఆనాడు ఎవరినైనా అలా పిలిస్తే తిట్టినట్లే! తరువాత ప్రతిదానికీ వంకలు పెట్టేవాడనీ, నాజూకనీ, సూక్ష్మమనీ మారుతూ వచ్చి, 18వ శతాబ్దంలో ‘బాగున్నది’ అనే అర్థంలో స్థిరపడింది. మిల్లులో వినిపించే అర్థం ఆ నడిమికాలపు సూక్ష్మార్థానికి దగ్గరగా ఉండటం ముచ్చటగా తోస్తుంది.

పెళ్ళి విచారణలో మాత్రం ఈ మాట తన పుట్టుకకే తిరిగిపోయింది. అబ్బాయిని గురించి ఏమీ తెలియనివారే ఎక్కువగా ‘నైస్’ అంటారు.

హజ్రత్ ఉమర్ (రజి) సన్నిధిలో ఒక వ్యక్తి మరొకరి మంచితనానికి హామీ ఇవ్వబోయాడు. అతని రాకపోకలు ఎరిగిన పొరుగువాడివా? అతనితో దీనార్లు, దిర్హములలో లావాదేవీ చేశావా? ప్రయాణంలో తోడున్నావా? అని ఆయన వరుసగా అడిగారు. అన్నిటికీ లేదనే సమాధానం. అయితే నీకతను తెలియడు, అన్నారు ఉమర్ (రజి). మన ఊరి లెక్కలో చెప్పాలంటే, అబ్బాయి తండ్రికి మిర్చి అమ్మి డబ్బు కోసం తిరిగిన రైతు మాట, వలీమా విందులో ఒకసారి కలిసిన బంధువు మాట కంటే బరువైనది.

తెలిసినవారు సైతం ‘గీబత్’ అవుతుందేమోనని భయపడి ‘నైస్’ అనేసి ఊరుకుంటారు. వివాహం కోసం సలహా అడిగినప్పుడు ఉన్నమాట చెప్పడం నిషిద్ధ పరనింద కాదని పండితులు స్పష్టం చేశారు. దానికి వారు చూపే ఆధారం ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) ఉదంతం. తనను ముఆవియా, అబూ జహ్మ్ ఇద్దరూ అడిగారని ఆమె చెప్పినప్పుడు దైవప్రవక్త (స) ఇద్దరూ మంచివారేనని దాటవేయలేదు. ఒకరు భుజం మీది కర్ర దించరనీ, మరొకరి చేతిలో ధనం లేదనీ విప్పి చెప్పారు. ఉసామా (రజి)ను చేసుకోమన్నారు. ఆమెకు మొదట అది ఇష్టం కాలేదు. మళ్ళీ చెప్పిన మీదట చేసుకున్నారు. అల్లాహ్ ఆ వివాహంలో ఎంత మేలు ఉంచాడంటే, ఇతరులు తనను చూసి అసూయపడ్డారని ఆమే చెప్పుకున్నారు.